చిత్రము నుండి కుట్టునకు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ యూరివారి చేతులకు పుస్తకముల నందించుచున్న సంస్థ పండుగనాడు నన్ను మాటలాడుమని కార్యవర్గమువారు కోరిరి. సాహిత్యమును గూర్చి చెప్పుటకు నేను పండితురాలను కాను, చరిత్రను గూర్చి చెప్పుటకు పరిశోధకురాలను కాను అని మనవి చేసికొంటిని. "అవి చెప్పువారు పలువురున్నారు, నీవు నిత్యము చేయు పనిని గూర్చియే చెప్పుము" అని వారు సెలవిచ్చిరి. వారి యాదరమునకు కృతజ్ఞురాలను.

నేను చేయు పని, కాగితము మీది బొమ్మను ఎంబ్రాయిడరీ యంత్రము కుట్టగల కుట్లుగా మార్చుట. రవికెల చేతులపై లతలు, బడిపిల్లల చొక్కాజేబులపై చిహ్నములు, దేవుని వస్త్రములపై శంఖచక్రములు మీరు చూచుచున్నారు. వానిలో యంత్రము కుట్టినవన్నియు ముందుగా ఎవరో యొకరు ఇట్లు మార్చి యిచ్చినవే. ఈ పనిని 'డిజిటైజింగు' అందురు. 'పంచింగు' అను పాతపేరు నేటికిని కొన్నిచోట్ల వినబడుచున్నది. ఆ పేరెట్లు వచ్చినదో ముందు చెప్పెదను.

గ్రంథాలయపు పండుగలో సూదీదారముల మాట యెందుకని మీకు తోచవచ్చును. ఈ యుత్సవపు సన్నాహములలోనే నా చేతిమీదుగా జరిగిన యొక పొరపాటు ఆ రెంటికిని సంబంధము కలిపినది. దానితోనే ప్రారంభించెదను.

విచ్చేయు పెద్దలకు గ్రంథాలయము పేరు కుట్టిన పట్టుకండువాలు కప్పవలెనని కార్యవర్గమువారు నిశ్చయించి, ఆ పనిని నాకప్పగించిరి. అక్షరముల యెత్తు 12 మిల్లీమీటర్లు. పనులు మీదబడి యున్నందున నేను తొందరపడితిని. అక్షరముల బొమ్మను కంప్యూటరున కిచ్చి, దానంతట అదియే కుట్లుగా మార్చు మీటను నొక్కితిని. అర నిమిషములో కుట్లు సిద్ధమైనవి. తెరపై చూడగా చక్కగనే కనబడినవి. పాతగుడ్డపై నమూనా కుట్టి చూడకయే ఆరు కండువాలు పూర్తిచేసి, గర్వముతో ఇచ్చటికి తెచ్చితిని.

సాయంకాలము పత్రిక చదువుకొనుటకు నిత్యము వచ్చు వృద్ధులైన తెలుగు మాస్టారొకరు కండువాను కంటికి దగ్గరగా పెట్టుకొని చూచిరి. పిమ్మట మెల్లగా, "అమ్మాయీ, మన గ్రంథాలయంలో చుక్క ఎక్కడ పోయిందమ్మా?" అనిరి.

చూచితిని. థకారపు కడుపులోని చుక్క లేదు. చుక్క పోయినచో థకారము ధకారమగును. 'గ్రంథాలయము' కాస్తా 'గ్రంధాలయము' అయినది. ఈ తప్పు వ్రాయవలదని ఏండ్ల తరబడి పిల్లలకు చెప్పుచున్న సంస్థ పేరుననే ఆ తప్పు ఆరుమార్లు కుట్టబడినది. అంతటితో పోలేదు. గుండ్రముగా నుండవలసిన సున్న కోడిగ్రుడ్డువలె నిలువుగా సాగియుండెను. విప్పి మరల కుట్టుదమన్నచో, పట్టుపై సూది చేసిన రంధ్రము పూడదు. ఆ ఆరింటిలో నొకటి ఇదిగో, మీకు చూపుటకే తెచ్చితిని.

ఆ చుక్క యెట్లు పోయినదో, ఆ సున్న యెట్లు సాగినదో వివరించినచో నా వృత్తియంతయు వివరించినట్లే.

ముందుగా, కుట్టుయంత్రమునకు బొమ్మ కనబడదను సంగతిని గ్రహింపవలెను. మనము దానికిచ్చునది బొమ్మ కాదు, ఆజ్ఞల పట్టిక. "ఇంత కుడికి, ఇంత పైకి జరుగుము, సూది దింపుము, మరల ఇంత ఎడమకు, ఇంత క్రిందికి జరుగుము, సూది దింపుము, ఇచ్చట కుట్టక దాటుము, ఇచ్చట దారము కత్తిరింపుము, ఇచ్చట రంగు మార్చుము, ఇక నిలువుము." ఇంతకంటె వేరు మాట అందులో లేదు. నెమలి యను మాట లేదు, మామిడిపిందె యను మాట లేదు, అక్షరమను మాట లేదు. సూది ఉన్నచోటనే పైకి క్రిందికి ఆడుచుండును. గుడ్డను బిగించిన చట్రమే ఆజ్ఞల ననుసరించి అటునిటు కదలును. ఈ పట్టికనే మేము కుట్ల ఫైలు అందుము.

జపానుదేశపు తజిమా యంత్రములతో వ్యాప్తికి వచ్చిన డీఎస్టీ యను ఫైలు నేడు ఇంచుమించు ప్రతి కార్ఖానాలోను చెల్లును. అందులో దూరములను మిల్లీమీటరులో పదవవంతుల లెక్కన వ్రాయుదురు. ఒక్కమారు జరుగగల గరిష్ఠదూరము 121 పదవవంతులు, అనగా 12.1 మిల్లీమీటర్లు. ఈ 121 అను సంఖ్య వింతగా తోచును గాని, దుకాణములో త్రాసు పట్టినవారికి దీని మర్మము సులభముగా తెలియును. 1, 3, 9, 27, 81 అను ఐదు తూకపురాళ్ళున్నచో, వానిని రెండు తట్టలలోను వేయుచు 1 మొదలు 121 వరకు ఏ తూకమునైనను తూచవచ్చును. 5 కావలెనన్నచో ఒక తట్టలో 9ని, సరుకున్న తట్టలో 3ను 1ని వేయవలెను. డీఎస్టీ ఫైలు దూరములను వ్రాయు పద్ధతి సరిగా ఇదియే. ఆ ఐదు రాళ్ళ మొత్తమే 121. ఇందులో రంగుల పేర్లు కూడ లేవు. రంగు మార్చుటకు నిలువుమను ఆజ్ఞ మాత్రమే కలదు. ఏ దారము తరువాత ఏ దారము ఎక్కింపవలెనో వేరొక చీటిపై వ్రాసి యంత్రము నడుపువారి కీయవలెను. చీటి పోయినచో ఆకులు ఎర్రగను, పూలు పచ్చగను రావచ్చును.

బొమ్మను పెద్దది చేయుట ఛాయాచిత్రమును పెద్దది చేసినట్లు తేలిక కదా యని కొందరడుగుదురు. కుట్ల ఫైలును ఉన్నదున్నట్లు రెట్టింపు చేసినచో కుట్ల సంఖ్య మారదు. వాని నడిమి యెడము మాత్రము రెట్టింపై, గుడ్డ బయటపడును. సగము చేసినచో కుట్లు ఒకదానిపై నొకటి క్రిక్కిరిసి, దారము తెగును, గుడ్డ గట్టిపడును, సూది విరుగును. కావున కొలత మారినప్పుడు కుట్లను మరల లెక్కకట్టవలెను. ఫోనులో వచ్చిన చిన్న బొమ్మను చూపి, "ఇదే కదా, వీపంతా వచ్చేలా చెయ్యండి" యని యడుగువారికి మేము వెంటనే సరేయనలేకపోవుటకు కారణమిదియే.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1828 ప్రాంతమున, నేడు ఫ్రాన్సుదేశములో నున్న ముల్హౌస్ పట్టణమునందు జోషువా హైల్మన్ అనునతడు చేతితో త్రిప్పు ఎంబ్రాయిడరీ యంత్రమును నిర్మించెను. పనివాడు ఒక చేత ములికిని పట్టుకొని, ఆరురెట్లు పెద్దదిగా గీసిన బొమ్మపై ఒక్కొక్క కుట్టు గుర్తును అంటించుచు పోవును. బొమ్మపై ములికి ఆరంగుళములు కదలినచో గుడ్డ ఒక అంగుళము కదలును. అనేకములైన సూదులు ఏకకాలమున అదే కుట్టును వేయును. 1863లో స్విట్జర్లాండుదేశస్థుడైన ఐజాక్ గ్రోబ్లి పడవ యాకారపు కండెగల యంత్రమును కనిపెట్టెను. చిన్నపడవ యను అర్థముగల 'షిఫ్లి' యను పేరు దానికి నిలిచినది. 1898లో ఆయన కుమారుడు జోసెఫ్ ఆర్నాల్డ్ గ్రోబ్లి ఆ యంత్రమును మనిషిచేతి ములికి లేకయే, రంధ్రములు గల పట్టీని చదువుకొని నడచునట్లు చేసెను. రంధ్రములతో ఆజ్ఞలిచ్చు ఉపాయము అంతకుముందే, 1804లో, ఫ్రాన్సుదేశపు జాకార్డు మగ్గమున వెలసియుండెను. నేటికిని పట్టుచీరల యంచులకు మన నేతగాండ్రు వాడు జాకార్డు అట్టలు ఆ కుదురువే. కంప్యూటరునకు పూర్వరూపమును భావించిన ఇంగ్లీషు గణితవేత్త చార్లెస్ బాబేజి తన యంత్రమునకు అట్టి యట్టలనే ఉద్దేశించెను. కంప్యూటరు నేడు మగ్గమునొద్దకు వచ్చినదని మనమనుకొనుచున్నాము. కాని కంప్యూటరు తొలిపాఠమును మగ్గమునొద్దనే నేర్చినది.

అట్లు బొమ్మను పెద్దదిగా గీసి, ప్రతి కుట్టును గుర్తించి, దాని కనుగుణముగా పట్టీపై రంధ్రములు పొడుచువానిని 'పంచరు' అనిరి. స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్, జర్మనీలోని ప్లాయెన్ మొదలగు ఎంబ్రాయిడరీ పట్టణములలో అది గౌరవముగల వృత్తి. అదే బొమ్మను ఇద్దరు పంచరుల చేతికిచ్చినచో రెండు వేర్వేరు వస్త్రములు వచ్చును. 1980 దరిదాపుల ఈ పని కంప్యూటరు తెరపైకి వచ్చినది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు విల్కామ్ సంస్థవారు అట్టి సాఫ్టువేరును తెచ్చిన తొలివారిలో నొకరు. రంధ్రములు పోయినవి, పట్టీ పోయినది. కాని పంచరు చేయవలసిన ఆలోచన పోలేదు. ఆ యాలోచన యెట్టిదో ఇప్పుడు చెప్పెదను.

మొదటిది, ఏ భాగమునకు ఏ కుట్టు అనునది. సన్నని గీతకు పరుగుకుట్టు. కాడలకు, అక్షరముల గీతలకు, చిన్న రేకులకు అటునుండి యిటు దగ్గరదగ్గరగా పోవు శాటిన్ కుట్టు. వెడల్పైన చోట్లకు ఇటుకల వరుసలవలె కుట్లుపేర్చు నింపుడుకుట్టు. శాటిన్ కుట్టు ఒక మిల్లీమీటరు కంటె సన్నమైనచో కుట్లు ఒకే రంధ్రములో పడి ముద్దయగును. ఏడెనిమిది మిల్లీమీటర్లు దాటినచో దారము వదులై గాజులకును గోళ్ళకును తగులుకొనును. సామాన్యముగా వాడు 40 నంబరు దారమునకు వరుసకును వరుసకును నడుమ 0.4 మిల్లీమీటరు ఎడముండవలెను.

రెండవది, కుట్టు పోవు దిక్కు. ఈ దారములకు మెరుపు కలదు. ఒకే రంగు దారమును రెండు రేకులలో రెండు వాలులుగా కుట్టినచో, వెలుతురు వేర్వేరుగా పడి, ఒక రేకు ముదురుగను ఒక రేకు లేతగను కనబడును. నెమలిమెడ యందు దిక్కు తెలిసి కుట్టినచో ఒక్క నీలిదారమే మూడు నీలములుగా వెలుగును. దిక్కు తెలియనిచో మూడు దారములు వాడినను అది గోడపై రంగువలె చదునుగా నుండును.

మూడవది, దారపు లాగు. దారము బిగువుతో పోవును గనుక కుట్టుయొక్క రెండు కొనలను దగ్గరకు లాగును. అందుచేత కుట్టు పోవు దిక్కున ఆకారము కురుచపడును. దానికి అడ్డుదిక్కున వరుసలు ఒకదానినొకటి ఒత్తుకొని బయటికి సాగును. కాబట్టి గుండ్రని బొమ్మ కావలెనన్నచో తెరపై గుండ్రముగా గీయరాదు. కుట్టు పోవు దిక్కున ఇరుప్రక్కల 0.2 మొదలు 0.4 మిల్లీమీటరు వరకు పెంచి గీయవలెను. తెరపై తప్పుగా నున్నదే గుడ్డపై ఒప్పగును. నా సున్న గ్రుడ్డుగా మారుటకు కారణము ఇదియే. కంప్యూటరు ఆ సున్న వలయమునంతటిని అడ్డుకుట్లతో నింపినది. అడ్డము తగ్గినది, నిలువు పెరిగినది.

నాలుగవది, అడుగుకుట్టు. పైకి కనబడు కుట్టునకు ముందు, పలుచగా, వేరొక దిక్కున ఒక వరుస వేసి గుడ్డను వెనుకనున్న కాగితపు గుడ్డతో కలిపి పట్టవలెను. అడుగుకుట్టు లేనిచో పైకుట్టు గుడ్డలోనికి దిగబడును, అంచులు వంకరపోవును. మఖమలుపై ఇది మరింత అవసరము. లేనిచో దాని నూగు కుట్ల సందులనుండి పైకి వచ్చును. నూలుకు సరిపడు లెక్క జార్జెటుకు సరిపడదు. జరీదారమునకు కుట్లు పొడవుగను, యంత్రపు వేగము తక్కువగను ఉండవలెను.

ఐదవది, వరుసక్రమము. ఏది ముందు, ఏది వెనుక? నడుమనుండి అంచులకు పోయినచో గుడ్డలోని వదులు బయటికి నెట్టుకొనిపోవును. అంచులనుండి నడుమకు వచ్చినచో ఆ వదులంతయు నడుమ బుడగవలె నిలుచును. ఒక రేకునుండి మరియొక రేకునకు పోవు దారిని, తరువాత వచ్చు కుట్టు క్రింద దాచవలెను. దాచలేనిచో దారమును కత్తిరింపవలెను. కత్తిరించిన ప్రతిచోట ముందును వెనుకను ముడికుట్టు లేకున్నచో ఒక యుతుకుతోనే ఊడిపోవును. యంత్రము నిమిషమునకు 800 కుట్లు వేయుచున్నచో 20,000 కుట్ల బొమ్మకు 25 నిమిషములు పట్టునని లెక్క. కాని క్రమము తెలియక మాటిమాటికి కత్తిరింపులు పెట్టినచో ఆ 25 నిమిషములు గంటకు చేరును.

ఇక థకారపు చుక్క సంగతి. ఛాయాచిత్రములలోను, కాగితమునుండి ఎక్కించిన బొమ్మలలోను ధూళికణములు, సిరామరకలు పడుట కలదు. తానై మార్చు సాఫ్టువేరు అట్టి చిన్న చుక్కలను వెదకి, అవి అక్కరలేనివని తుడిచివేయును. మిగిలిన పనులలో అది మేలే. కాని 12 మిల్లీమీటర్ల అక్షరములో ఆ చుక్క యెంత? అర మిల్లీమీటరు. కంప్యూటరు దానిని ధూళి యనుకొని తుడిచినది. తుడువకున్నను మేలు కలిగెడిది కాదు. మేము వాడు 75 నంబరు సూది లావు 0.75 మిల్లీమీటరు, సూది కంటె సన్నని చుక్కను ఏ సూదియు కుట్టజాలదు. తుడిచినందుకు సాఫ్టువేరును నిందించి లాభము లేదు. దానికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన నేను చూడలేదు. తప్పు నాది.

ఆ రాత్రి ఆ కండువాను మా పెద్దమ్మకు చూపితిని. ఆమె నలుబదియేండ్లు మగ్గముపై ఆరి సూదితో కుట్టిన మనిషి. కంప్యూటరును ముట్టి యెరుగదు. సున్నపై వ్రేలు రాచి, "పట్టుమీద అడ్డంగా బిగిస్తే మూతి ముడుచుకుంటుందే. సున్నాని చుట్టూ తిరుగుతూ కుట్టాలి గాని, పొలం దున్నినట్టు దున్నితే ఎట్లా?" అనినది. పిదప పెన్సిలు తీసికొని, కాగితముపై పెద్దగా వ్రాసిన అక్షరములలో కుట్టు ఎటునుండి ఎటు పోవలెనో చిన్నచిన్న గీతలతో గుర్తించినది. క్రారవడి మలుపులో గీతలను విసనకఱ్ఱవలె విప్పినది. తలకట్టును చివరకు పెట్టుమన్నది. "చుక్కని పెద్దది చెయ్యి. కళ్ళు చూసేది చుక్కని, కొలతని కాదు" అనినది.

ఆ కాగితమును చూచి నేను నిర్ఘాంతపోయితిని. సెయింట్ గాలెన్ పంచరులు చేసిన పనియే అది. ఆమె ఏ పట్టణమునకు పోయి నేర్వలేదు. దారము లాగునని, గుడ్డ యొదుగునని, వెలుతురు కుట్టు వెంట పరుగెత్తునని ఆమె వ్రేళ్ళకు తెలియును. నేను అక్షరముల యెత్తును 20 మిల్లీమీటర్లకు పెంచితిని. సున్నను వలయము చుట్టు తిరుగు శాటిన్ కుట్టుతో వేసితిని. చుక్కను 1.2 మిల్లీమీటరు చేసి, చుట్టునున్న గీతలు దానిని మ్రింగకుండ అక్షరపు కడుపును కొంచెము విప్పితిని. ఈసారి పాతపట్టు ముక్కపై కుట్టి, మాస్టారికి చూపి, వారు తలయూపిన పిమ్మటనే కండువాలు కుట్టితిని. నేడు పెద్దల భుజములపై నున్నవి అవియే.

సోదర సోదరీమణులారా! ఈ కథను వినోదమునకు చెప్పలేదు. ఇందులో మన యూరి బ్రతుకుతెరువు ఇమిడియున్నది.

యంత్రపు కుట్టు వచ్చిన తరువాత మగ్గముపని చేయు స్త్రీలకు పని తగ్గినదను మాట సత్యము. చేతితో రెండుమూడు దినములు పట్టు రవికెపనిని యంత్రము ఒక పూటలో ముగించుచున్నది. పూసలు, ముడులు, కుందనములు చేతికే మిగులునని కొంతకాలము ధైర్యము చెప్పుకొంటిమి. చమ్కీలను పొదుగు యంత్రములు, గొలుసుకుట్టు వేయు యంత్రములు కూడ వచ్చినవి. యంత్రమును తిట్టినందువలన అది వెనుకకు పోదు. చేతిపని యొక్కటే పని, తక్కినది మోసమని చెప్పుటయు న్యాయము కాదు. ఆ యంత్రము నడపి పిల్లలను చదివించుకొనుచున్నవారు ఈ సభలోనే యున్నారు.

కాని ఒక సంగతిని గమనింపుడు. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువాడొకడు కావలెను. ఆ యాజ్ఞలు బాగుగా వ్రాయుటకు ఏమి తెలియవలెనో ఇంతసేపు చెప్పితిని. అందులో కంప్యూటరునకు సంబంధించినది కొంచెము. దారమునకు, గుడ్డకు, కంటికి సంబంధించినది మిక్కుటము. ఆ మిక్కుటమైన భాగము ఎవరివద్ద నున్నది? పని పోయి ఇంటియొద్ద కూర్చున్న మా పెద్దమ్మవంటి వారియొద్ద నున్నది. ఆ కొంచెము ఎవరివద్ద నున్నది? మీట నొక్కుట నేర్చిన నావంటివారియొద్ద. కొంచెము తెలిసినవారికి పని యున్నది, మిక్కుటముగా తెలిసినవారికి లేదు. రెండును ఒకచోట చేరవలసిన చోట చేరలేదు. అందుచేతనే అంగడిలో ముడతలుపడిన లతలు, ముద్దయైన నెమళ్ళు, చుక్కలు పోయిన అక్షరములు.

తాముగా మార్చు సాఫ్టువేరులు ఏటేట మెరుగగుచున్నవి. కృత్రిమ మేధ బొమ్మలను కూడ గీసి యిచ్చుచున్నది. స్పష్టమైన రంగులతో పెద్ద ఆకారములున్న బొమ్మకు అవి యిచ్చు ఫలితము నేటికే పనికివచ్చుచున్నది. నేనును వానిని వాడుదును. కాని ఏ చుక్క ధూళియో, ఏ చుక్క అక్షరమో నిర్ణయించు బాధ్యత మనదే. అది తెలిసిన మనిషి యూరిలో లేని దినమున తప్పును పట్టుకొనువారు కూడ ఉండరు.

ఇంకొక యన్యాయము కలదు. మన స్త్రీలు కల్పించిన లతలను ఫోనులో చిత్రము తీసికొని, మరియొకచోట కుట్ల ఫైలుగా మార్చి అమ్ముట జరుగుచున్నది. ఫైలునకు వెలయున్నది, లతను కల్పించినవారికి పేరు కూడ లేదు. 1957 నాటి కాపీరైటు చట్టము, 2000 నాటి డిజైనుల చట్టము మన దేశమున నున్నవి. కాని ఎవరు ఎప్పుడు గీసిరో ఎక్కడను వ్రాసి యుండనిచో ఏ చట్టము మాత్రమేమి చేయగలదు? మనమును ఇతరుల బొమ్మలను అడుగక తీసికొనుచున్నాము. ఆ తప్పునుకూడ ఒప్పుకొనవలెను.

కావున కార్యవర్గమువారికి రెండు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది: గ్రంథాలయములో నున్న కంప్యూటరును వారమునకు ఒక పూట ఈ పనికి కేటాయింపుడు. ఇంక్‌స్కేప్ అను బొమ్మలు గీయు సాఫ్టువేరును, దానితో కలిసి పనిచేయు ఇంక్ స్టిచ్ అను కుట్ల సాఫ్టువేరును వెల లేకుండ ఎవరైనను పొందవచ్చును. మగ్గముపని తెలిసినవారు ఒక ప్రక్క, కంప్యూటరు తెలిసిన పిల్లలు ఒక ప్రక్క కూర్చుండవలెను. మీట నొక్కుటను పిల్లలు నేర్పుదురు, దారపు లాగును పెద్దలు నేర్పుదురు. ఎవరికిని ఎవరును తీసిపోరు. యంత్రము లేకున్నను విద్య ఆగదు. కాగితముపై పెన్సిలుతో కుట్ల దిక్కులు గీయుటయే మొదటి పాఠము. కుట్టి చూచుటకు నా యంత్రమును, నా పాతగుడ్డలను ఇచ్చెదను. నాకు తీరిక లేదని చెప్పినచో ఈ కండువాను నాకు చూపుడు.

రెండవది: ఒక లావుపాటి పుస్తకము తెరచి, ఈ యూరి స్త్రీలకు తెలిసిన కుట్లను, లతలను, ముగ్గులను, తండాలలోని లంబాడీ అక్కచెల్లెండ్ర అద్దపుపని రీతులను వారి యనుమతితో గీయించి, ప్రక్కనే గీసినవారి పేరును తేదీని వ్రాయింపుడు. ఏ గుడ్డపై ఎట్లు కుట్టవలెనో వారి మాటలలోనే వ్రాయింపుడు. అది ఈ గ్రంథాలయపు బీరువాలో నుండవలసిన పుస్తకమే. గ్రంథాలయమనగా అచ్చుపడిన విద్యను దాచుచోటు మాత్రమే కాదు. అచ్చుపడక వ్రేళ్ళలో నిలిచిన విద్యను పోకుండ పట్టుకొనుచోటు కూడ.

మాస్టారు ఆ దినమున కండువాను కంటియొద్ద పెట్టుకొని చూడకున్నచో ఆ తప్పు ఈ సభలో పెద్దల భుజములపై నుండెడిది. అందరు చూచియు ఎవరును చూడనట్లు పోయెడిది. ఆయన చూపు ఇరువదియైదేండ్లుగా ఈ పఠనమందిరములో పదనుపడిన చూపు. మా పెద్దమ్మ వ్రేలు మగ్గముపై పదనుపడిన వ్రేలు. ఆ రెండును కలిసిననాడు ఈ పేరు సరిగా కుట్టబడినది. ఆ కలయిక ఒక్క కండువాతో ఆగిపోకుండ చూడవలసినదిగా మిమ్ములను ప్రార్థించుచున్నాను.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.